విద్యార్థికి ఒక పద్దుల పుస్తకం

గడచిన విద్యాసంవత్సరం జూలై మాసంలో ద్వితీయ సంవత్సరం చదివే ఒక విద్యార్థిని మా గదికి వచ్చి, పట్టుచీర మడత విప్పినంత జాగ్రత్తగా ఒక నోటుపుస్తకాన్ని మా ముందు తెరిచి పెట్టింది. "ఇది బులెట్ జర్నల్ సార్" అన్నది. ప్రక్కన కూర్చున్న ఉర్దూ శాఖ మిత్రులు మోటారు సైకిలు ప్రస్తావన కాబోలుననుకొని, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని అడిగారు. నవ్వులు సద్దుమణిగిన తరువాత మేము పుటలు త్రిప్పి చూచాము. ప్రతి నెలకు ఒక ముఖపత్రం. దానిమీద గులాబీలు, నెలవంకలు, మీనారులు. త్రాగిన మంచినీటి గ్లాసుల లెక్కకు ఒక పుట, నిద్రపోయిన గంటలకు ఒక పుట, మనస్సు ఏనాడు ఏ రంగులో ఉన్నదో తెలిపే పుట ఇంకొకటి, చదువదలచిన గ్రంథాలకు బీరువా బొమ్మ వేసిన పుట వేరొకటి. అక్షరాలు ముత్యాల వరుసలు. మేము మనసారా మెచ్చుకొన్నాము. ఇప్పుడు ఆ మెప్పును తలచుకొంటే మాకే కొంత సిగ్గుగా ఉన్నది.

దసరా సెలవుల అనంతరం ఆ విద్యార్థినియే కన్నీళ్ళతో వచ్చింది. ఉపకారవేతనం పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టవలసిన గడువు రెండు రోజుల క్రితమే ముగిసినది. తన ఆదాయ ధ్రువపత్రానికి కాలం చెల్లిన సంగతి ఆఖరి వారంలో గాని ఆమెకు తెలియలేదు. క్రొత్తది చేతికి వచ్చేసరికి తలుపు మూసుకొన్నది. ఆ పుస్తకం ఏమయిందని అడిగి తెప్పించి చూచాము. ఆగస్టు మూడవ వారం దాకా నీటి గ్లాసులకు నీలిరంగు నిండి ఉన్నది. అటు తరువాత అంతా తెల్లకాగితమే. గడువు తేదీ ఏ పుటలోను కనబడలేదు. దానికి ఒక పుటను కేటాయించాలన్న ఊహ ఆమెకు ఎవరూ కలిగించలేదు, మేమూ కలిగించలేదు.

ఆమెను తప్పు పట్టటానికి ఈ నాలుగు మాటలు వ్రాయటం లేదు. తప్పు పట్టే అర్హత మాకు లేదు కూడా. మేము విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే కాలంలో పరీక్ష రుసుము గడువును ఒక చీటీ మీద వ్రాసుకొని చొక్కా జేబులో పెట్టుకొన్నాము. చొక్కా ఉతుకుకు పోయింది, చీటీ దానితోపాటే పోయింది. ఆఖరునాడు మిత్రుడొకడు అపరాధ రుసుముతో సహా తన డబ్బు కట్టి మమ్ములను గట్టెక్కించాడు. మన పిల్లలకు తెలివి తక్కువై అవకాశాలు తప్పిపోతున్నవని ఎవరైనా అంటే మేము ఒప్పుకొనము. ఈ కళాశాలలో పనిచేసిన ఇన్నేళ్ళలో మేము కళ్ళారా చూచినది వేరు. తేదీ తెలియకపోవటం, కాగితం దొరకకపోవటం, అడుగవలసిన ప్రశ్నను మరచిపోవటం - తొంబది పాళ్ళు నష్టం ఇక్కడనే జరుగుతున్నది.

కనుక ఆ పుస్తకాన్ని గురించియే ఆలోచింపవలసి ఉన్నది. ఈ పద్ధతిని రూపొందించినవాడు రైడర్ కారోల్ అనే అమెరికా డిజైనరు. ఆస్ట్రియాలో పుట్టి, న్యూయార్కు నగరపు బ్రూక్లిన్‌లో స్థిరపడినవాడు. బాల్యంలో ఏకాగ్రత కుదరని లోపం వలన చదువులో ఎన్నో ఇబ్బందులు పడి, తన అవసరానికి తాను క్రమక్రమంగా కల్పించుకొన్న వ్రాతపద్ధతిని 2013లో లోకానికి వెల్లడించాడు; 2018లో దానిపై ఒక గ్రంథం ప్రకటించాడు. బులెట్ అంటే ఇక్కడ తుపాకి గుండు కాదు, అచ్చుపనివారు పంక్తి మొదట పెట్టే నల్లని చుక్క. చేయవలసిన పనికి చుక్క పెట్టాలి. పని అయితే ఆ చుక్క మీదనే అడ్డుగీతలు గీయాలి. జరిగే సంఘటనకు చిన్న సున్న, గుర్తుంచుకొనవలసిన మాటకు అడ్డగీత. పుస్తకం మొదట విషయసూచిక, పిమ్మట రాబోయే మాసాల తేదీలు, ఆ పిమ్మట ఈ మాసం, అటుపైన దినదినపు పద్దులు. నెల ముగిసిన నాడు కాని పనులను తిరిగి చేతితో వ్రాసి క్రొత్త నెలలోకి తెచ్చుకొనాలి. వ్రాయటానికి బద్ధకం కలిగిన పనిని, అది అంత అవసరమైనది కాదని గ్రహించి కొట్టివేయాలి. మూలపద్ధతి ఇంతే. ఇందులో గులాబీలు లేవు, నీటి గ్లాసులు లేవు. అవన్నీ తరువాత ప్రజలు చేర్చిన అలంకారాలు.

కారోల్ ప్రతిభను మేము తగ్గించబోవటం లేదు. కాని ఈ సరంజామా మనకు క్రొత్తది కాదన్న మాట చెప్పక తప్పదు. మా తరగతిలో ఒక కిరాణా దుకాణదారుని కుమారుడున్నాడు. అతని చేతిలో ఎప్పుడూ ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి సన్నని పుస్తకం ఉంటుంది. దుకాణంలో మిగిలినదట. అతడు బులెట్ జర్నల్ అన్న మాట విని ఎరుగడు. "మా అబ్బా చిట్టా వ్రాస్తారు సార్, నేనూ అట్లనే వ్రాస్తాను" అన్నాడు. పరీక్ష రుసుము గడువు ఎల్లుండితో సరి అని మాకే గుర్తు చేసినవాడు అతడు.

అంగడివారి లెక్కలలో రెండు పుస్తకాలుంటవి. చిట్టాలో ఆనాటి పద్దులు జరిగిన వరుసలోనే పడతాయి. ఆవర్జాలో అవే పద్దులు మనిషి పేరున, సరుకు పేరున విడివిడిగా ఎక్కుతాయి. అమెరికావాని దినపుటలు మన చిట్టా. అతడు ఒక్కొక్క విషయానికి విడిగా కేటాయించే పుటలు మన ఆవర్జా. నెలాఖరున కాని పనిని ముందుకు తెచ్చుకొనటం, క్రిందటి పుట బాకీని పై పుటలో మొదటి పద్దుగా ఎక్కించటమే. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రద్దు - అరబ్బీ, పారసీలలోనుండి వచ్చి తెలుగువాని నాలుకపై ఇంత సహజంగా స్థిరపడిన మాటలు ఏ శాస్త్రగ్రంథం ద్వారాను రాలేదు. లెక్కల పుస్తకం ద్వారా వచ్చినవి. మన కళాశాలలోని రెండు భాషలు అందరికంటె ముందు కలిసికొన్నది చిట్టా పుటలోనే అంటే అతిశయోక్తి కాదు.

ఇక విద్యార్థి ఏయే పుటలు పెట్టుకొనవలెనన్నది అసలు విషయం. మా అభిప్రాయంలో అన్నింటికంటె ముందు ఉండవలసినది కాగితాల పుట. ఆధార్, కులం లేదా మైనారిటీ ధ్రువీకరణ, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం, మార్కుల పట్టికలు, బదిలీ పత్రం - ఏ కాగితం ఎవరి దగ్గర ఉన్నది, ఎప్పటి దాకా చెల్లుతుంది, పేరు అన్నింటిలో ఒకే విధంగా ఉన్నదా. ఈ చివరి ప్రశ్నను మీరు తేలికగా తీసికొనవద్దు. మన పేర్లు ఒక కాగితంలో షేక్, ఒకదానిలో షేఖ్, మరొకదానిలో కేవలం ఎస్. అని ఉంటవి. మహమ్మద్, మొహమ్మద్, ఎం.డి. అని ముగ్గురు మనుషులుగా ఒకే విద్యార్థి తిరుగుతుంటాడు. కంప్యూటరుకు ఈ ముగ్గురూ ఒకరేనని నచ్చజెప్పటం ఎవరి తరమూ కాదు. తేడా ఎక్కడున్నదో ఒక్క పుటలో ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొంటే జూన్‌లోనే తెలుస్తుంది. సరిదిద్దుకొనటానికి వ్యవధి ఉంటుంది. అక్టోబరులో తెలిసినందువలన ప్రయోజనం లేదు.

దాని వెంట మాసాల పుట. ఇందులో మన విద్యార్థికి ఒక ప్రత్యేకమైన చిక్కున్నది. హిజ్రీ సంవత్సరం ఆంగ్ల సంవత్సరం కంటె సుమారు 11 దినాలు తక్కువ గనుక రంజాను ఏటేటా వెనుకకు జరిగి వస్తుంది. మన దేశంలో ఉపవాసాలు 2023లో మార్చి 24న, 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న మొదలయినవి. వరుసగా మూడేండ్లు పరీక్షల మాసంలోనే అన్న మాట. ముందుగా తెలిసినవాడు కష్టమైన పాఠాలను జనవరిలోనే ముగించుకొంటాడు. తెలియనివాడు తరావీహ్ నుండి వచ్చి అర్ధరాత్రి పుస్తకం పట్టుకొంటాడు. కాబట్టి మాసపు పుటలో రెండు తేదీలూ ఉండవలెను. హిజ్రీ తేదీని మాత్రం పెన్సిలుతో వ్రాయండి. నెలవంక ఎవరి క్యాలెండరుకూ కట్టుబడి ఉండదు.

బాకీల పుట గురించి కొంత విస్తరించి చెప్పవలసి ఉన్నది. పవిత్ర ఖురాన్‌లో అన్నింటికంటె దీర్ఘమైన ఆయత్ ఏదని మా విద్యార్థులను అడిగితే చాలామంది ప్రార్థనను గురించినదో, స్వర్గనరకాలను గురించినదో అయి ఉంటుందంటారు. సూరయె బఖరాలోని 282వ ఆయత్ అది. గడువు పెట్టి ఇచ్చుకొన్న అప్పును వ్రాసికొనటం గురించినది. వ్రాసేవాడు న్యాయంగా వ్రాయవలెననీ, అప్పు తీసికొన్నవాడే చెప్పి వ్రాయించవలెననీ, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయటానికి విసుగు చెందరాదనీ అందులో ఉన్నది. సాక్షులను కూడా పెట్టుకొమ్మన్నది. నమ్మకం లేక కాదు, మరపు ఉన్నది గనుక. మన యువకులలో ఒక దురభిప్రాయం పాతుకొనిపోయింది. మిత్రుని దగ్గర తీసికొన్న వంద రూపాయలు వ్రాసిపెట్టుకొంటే అది స్నేహానికి అవమానమట! మా పరీక్ష రుసుము కట్టిన మిత్రుని సంగతి పైన చెప్పాము. ఆ సొమ్మును మేము ఎక్కడా వ్రాసుకొనలేదు. అతడు అడుగలేదు, మేము మరచాము. మూడేండ్ల తరువాత అతని నికాహ్ విందులో, దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నప్పుడు, ఉన్నట్టుండి జ్ఞప్తికి వచ్చింది. ఆ పూట బిర్యానీ ఉప్పగా ఉన్నదో చప్పగా ఉన్నదో మాకు తెలియలేదు. మరునాడు డబ్బు పంపితే అతడు నవ్వి పుచ్చుకొన్నాడు. కాని ఆ మూడేండ్లలో అతనికి ఏదో ఒకనాడు ఆ సొమ్ము అవసరపడి, అడుగలేక ఊరకున్నాడేమో మేము ఎన్నటికీ ఎరుగము.

ఈ పుటలో డబ్బు ఒక్కటే కాదు. గ్రంథాలయం నుండి తెచ్చిన పుస్తకం, సహాధ్యాయి ఇచ్చిన నోట్సు, హాస్టలు భోజనశాల బాకీ, ఎవరికో చేసి పెడతానన్న పని, అన్నీ ఇందులోనివే. అనారోగ్యం వలననో ప్రయాణం వలననో తప్పిపోయి, తరువాత పూర్తి చేయవలసిన ఉపవాసాల లెక్క కూడా బాకీల పుటలోనిదే అని మా ఉద్దేశ్యం.

మాటల పుట మా శాఖకు సంబంధించినది గనుక దానిపై మాకు మమకారం ఎక్కువ. ఈ కళాశాలలో ఉర్దూ మాధ్యమంలో పదవ తరగతి చదివి వచ్చినవారున్నారు, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారున్నారు. డిగ్రీ పాఠ్యపుస్తకాలు చాలవరకు ఆంగ్లంలో ఉన్నవి. విషయం తెలిసి కూడా మాట తెలియక తరగతిలో నోరు మూసుకొని కూర్చునే విద్యార్థి ఎంతమంది! పుటను మూడు నిలువు గడులు చేసి, ఫోటోసింథసిస్ ఎదుట కిరణజన్య సంయోగక్రియ అని, దాని ఎదుట జియాయీ తాలీఫ్ అని వ్రాయండి. గ్రావిటేషన్ ఎదుట గురుత్వాకర్షణ, దాని ఎదుట కషిషె సఖ్ల్. ఎకనామిక్స్ ఎదుట అర్థశాస్త్రం, మఆషియాత్. దినానికి మూడు మాటలు చాలు. ఈ మాటల వెనుక ఎంతటి శ్రమ ఉన్నదో కూడా తెలిసికొనవలెను. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైనప్పుడు, దానికి ముందే 1917లో నెలకొల్పిన దారుల్ తర్జుమాలో పండితులు కూర్చుండి శాస్త్రపదాలను సమకూర్చారు. అర్ధశతాబ్దం తరువాత 1968లో అదే హైదరాబాదులో తెలుగు అకాడమీ ఏర్పడి, కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలను తెలుగులోకి తెచ్చింది. ఒకే నగరంలో రెండు భాషలకు తయారయిన ఈ మాటలు ఒకే విద్యార్థి పుస్తకంలో ప్రక్కప్రక్కన కూర్చునటానికి ఇంత ఆలస్యం ఎందుకు జరిగిందో మాకు అర్థం కాదు. అన్నట్టు, ఈ పుటలో చమత్కారాలు కూడా దొరుకుతవి. తెలుగులో దస్తూరి అంటే చేతివ్రాత. ఉర్దూలో దస్తూర్ అంటే రాజ్యాంగం. "నీ దస్తూరి బాగాలేదు" అని మేము ఒకరోజు అంటే, ఉర్దూ మాధ్యమపు విద్యార్థి ఒకడు రాజకీయ చర్చ మొదలయినదనుకొని సర్దుకొని కూర్చున్నాడు.

సందేహాల పుట గురించి ఒక్కమాట చాలు. అడుగటానికి బిడియపడే ప్రశ్నను వ్రాసిపెట్టుకొన్నవాడు, ధైర్యం వచ్చిననాడు అడుగుతాడు. వ్రాయనివాడికి ధైర్యం వచ్చేనాటికి ప్రశ్న ఉండదు.

పుస్తకాన్ని ఎటునుండి తెరవవలెనన్నది మన కళాశాలకు మాత్రమే కలిగే సమస్య. మీ చేతిలో ఉన్న ఈ వార్షిక సంచికనే చూడండి. తెలుగు భాగం ఎడమ అట్టనుండి, ఉర్దూ భాగం కుడి అట్టనుండి మొదలై నడుమ ఎక్కడో కలుస్తవి. విద్యార్థి పుస్తకం కూడా ఈ విధంగా ఎందుకు ఉండరాదు? ఒక అట్టనుండి తెలుగులో చిట్టా, అంటే మాసాలు, దినాల పద్దులు. రెండవ అట్టనుండి ఉర్దూలో ఆవర్జా, అంటే బాకీలు, మాటలు, సందేహాలు. ఎవరికి ఏది సుళువైతే అటు. రెండు ప్రక్కలా వేరువేరు పుటసంఖ్యలు, వేరువేరు సూచికలు. రెండు ప్రక్కలు కలిసికొన్ననాడు పుస్తకం అయిపోయినట్టు.

కాని ఇందులో ఒక మెలిక ఉన్నది; మేము ప్రయత్నించి చూచి తెలిసికొన్నాము. కారోల్ పద్ధతిలో కాని పనిని ముందు నెలకు తెచ్చినప్పుడు కుడివైపు చూచే బాణపు ములికి గుర్తు పెడతారు. దూరపు మాసాల పుటకు పంపినప్పుడు ఎడమవైపు చూచే ములికి పెడతారు. ఎడమనుండి కుడికి వ్రాసేవానికి కుడివైపు అంటే ముందు. ఉర్దూ పుటలో ముందు అంటే ఎడమ! ఒకే గుర్తు ఒక అట్టవైపు ముందుకు, రెండవ అట్టవైపు వెనుకకు అర్థమిస్తుంది. రెండు వారాలు మేము ఈ గందరగోళంలో పడి, చేయవలసిన పనిని చేయనక్కరలేనిదిగా చదువుకొన్నాము. చివరకు బాణాలు మానివేసి, తెలుగు పుటలో తరువాయికి 'త' అన్న అక్షరం, ఉర్దూ పుటలో బాకీకి 'బే' అన్న అక్షరం పెట్టుకొన్నాము. పరాయిచోట పుట్టిన పద్ధతిని తెచ్చుకొనేటప్పుడు మన చేతివ్రాత ఎటు నడుస్తుందో కూడా చూచుకొనవలెను.

ఇప్పుడు గడుల పుట సంగతి. అలవాట్లను లెక్కపెట్టే ఈ పుటకు నేడు ఎక్కడలేని ఆదరణ ఉన్నది. దీనికి పూర్వుడు అమెరికా రాజనీతిజ్ఞుడు, ముద్రాపకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆయన 13 సద్గుణాలను వరుసగా వ్రాసి, వారపు ఏడు దినాలకు ఏడు గడులు గీసి, తప్పు జరిగిననాడు గడిలో నల్లచుక్క పెట్టుకొన్నట్టు తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. మొదట 12 గుణాలే వ్రాసికొన్నాడట. నీకు గర్వం హెచ్చని ఒక మిత్రుడు చెప్పగా వినయాన్ని పదమూడవదిగా చేర్చాడు. ఆయనకు అన్నింటికంటె కొరుకుడు పడనిది క్రమపద్ధతి - అంటే వస్తువులను వాటి చోట, పనులను వాటి వేళ ఉంచటం. అది చదివి మాకు చాలా ఊరట కలిగింది. ఇందులో గమనింపదగినది ఒకటున్నది. ఫ్రాంక్లిన్ చుక్క తప్పుకు గుర్తు. ఆయన కోరినది ఏ చుక్కా లేని తెల్లని పుట. నేటివారి గడి ఒప్పుకు గుర్తు. వారు కోరేది రంగులతో నిండిన పుట. తెల్లని పుటను ఎవరూ ఫోటో తీసి పదిమందికి పంపరు.

మన సంప్రదాయంలో ముహాసబా ఉన్నది. తన లెక్క తాను చూచుకొనటం. క్రీ.శ. 857లో మరణించిన సూఫీ గురువు హారిస్ అల్ ముహాసిబీకి ఆ పేరే దాని వలన వచ్చింది. ఆ లెక్క మనిషికి, దైవానికి నడుమ ఉండేది. ఐదు వేళల నమాజును ఐదు రంగుల గడులలో నింపి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పుటలను విద్యార్థులు మాకు చూపించారు. వారి సంకల్పాన్ని మేము శంకించము. అయినా రియా అన్న మాటకు, అంటే నలుగురు చూడవలెనని చేసే పుణ్యకార్యానికి, మన పెద్దలు ఎందుకంత భయపడ్డారో ఆ రంగులను చూచినప్పుడు మాకు తెలిసివచ్చింది. ఈ గడుల పుట పెట్టుకొనవద్దని మేము అనము. పెట్టుకొంటే ఎవరికీ చూపవద్దంటాము.

చూపటం మాట వచ్చింది గనుక, చూడటం గురించి కూడా చెప్పాలి. మా విద్యార్థినులలో కొందరు పుస్తకం ఎందుకు పెట్టుకొనరో విచారిస్తే, ఇంట్లో అన్నదమ్ములు తీసి చదువుతారన్నారు. ఒక అమ్మాయి "వ్రాసినందుకు జవాబు చెప్పుకొనాలి సార్" అన్నది. ఈ మాటకు మేము వెంటనే బదులు చెప్పలేకపోయినాము. పద్దుల పుస్తకంలో మనస్సులోని గోడు వ్రాయనక్కరలేదు. తేదీలు, కాగితాలు, బాకీలు, మాటలు చాలు. ఇవి ఎవరు చదివినా తలవంపు లేదు. అది మా సలహా. కాని సలహా ఇచ్చినంత మాత్రాన ఆ ఇంటి తప్పు ఒప్పు కాజాలదు. అక్కచెల్లెండ్ర పుస్తకాన్ని అనుమతి లేక తెరిచే సోదరులు ఈ సంచికను కూడా తెరుస్తారు గనుక ఇక్కడ వ్రాస్తున్నాము: ఒకరి ఉత్తరాన్ని తెరవటం ఎంతటి తప్పో ఇదీ అంతటి తప్పే.

ఈ పనులన్నీ సెల్‌ఫోను చేస్తుంది గదా అని కొందరు అంటారు. చేస్తుంది, మేము కూడా వాడుతున్నాము. ఫోను గంట మ్రోగిస్తుంది, మనం వ్రేలితో త్రోసివేస్తాము, దానితో ఆ పని మన కంటి ముందునుండి తొలగిపోతుంది. పుస్తకంలో కాని పని కానట్టే కనబడుతూ ఉంటుంది. నెలాఖరున మళ్ళీ వ్రాయవలసి వచ్చినప్పుడు సిగ్గు కలిగిస్తుంది. మేము ఒక నియమం పెట్టుకొన్నాము. ఏ పద్దునైనా మూడవసారి తరువాయి వ్రాయవలసి వస్తే వ్రాయము. ఆ రాత్రే ఆ పని మొదలుపెడతాము, లేదా శాశ్వతంగా కొట్టివేస్తాము. ఇట్లా కొట్టివేసినవానిలో ఒక కవితాసంపుటి కూడా ఉన్నది. సాహిత్యలోకానికి నష్టమేమీ జరుగలేదు.

మాన్యులైన కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. చుక్కలు అచ్చువేసిన విదేశీ నోటుపుస్తకాలు వేయి రూపాయలు దాటి అమ్ముతున్నారు. అవి మనకు అవసరం లేదు. 200 పుటల సాధారణ గీతల పుస్తకం, గట్టి అట్టతో, ప్రవేశం పొందిన ప్రతి విద్యార్థికి మొదటి వారంలోనే ఇప్పించండి. రెండు అట్టల లోపల, ఒకవైపు తెలుగులో, రెండవవైపు ఉర్దూలో, ఆ సంవత్సరపు గడువులన్నీ ఉన్న ఒక్కొక్క కాగితం అంటించండి. తెలియని తేదీకి ఖాళీ వదలి, నోటీసు బోర్డు మీద పడిననాడే తరగతిలో చదివించి వ్రాయించండి. నెలకొక గంట, చివరి శనివారం, కాలపట్టికలో దీనికి కేటాయించండి. ఆ గంటలో ఎవరి బాకీలు వారు ముందుకు వ్రాసికొంటారు. దీనికి మార్కులు వేయవద్దు. పుస్తకాలను తనిఖీ చేయవద్దు. మొదటి పుటలలో మా అధ్యాపకుల ఛాయాచిత్రాలు గాని, తమ ఛాయాచిత్రాలు గాని అచ్చువేయవద్దని కూడా, చనువు కొలది, కోరుతున్నాము. ఆ పుటలు సూచికకు కావలెను.

మొదట చెప్పిన విద్యార్థిని ఈ ఏడు తృతీయ సంవత్సరంలో ఉన్నది. పోయిన ఏటి ఉపకారవేతనం పోయినట్టే. ఆమె తండ్రి ఆ రుసుము కొరకు ఎవరి దగ్గరనో చేబదులు తీసికొన్నాడు. ఆమె పాత పుస్తకాన్నే రెండవ అట్టనుండి తిరిగి మొదలుపెట్టింది. గులాబీలు ఇప్పుడు కూడా ఉన్నవి, కాకపోతే మూలలలో చిన్నవిగా. మొదటి పుట కాగితాల పుట. బాకీల పుటలో మొదటి పద్దు తండ్రి తెచ్చిన చేబదులు.

కమిటీ వారి నిర్ణయం జూన్ లోపల తెలియగలదని ఆశిస్తూ, మా పుస్తకంలో జూన్ మాసపు పుటలో దీనికొక చుక్క పెట్టుకొన్నాము.